కరిగితేనే అతుకుతుందా?

వెల్డింగ్ అంటే ఏమిటో ఒక్క వాక్యంలో రాయమంటే మీరేం రాస్తారు? "రెండు లోహపు ముక్కలను వేడిచేసి, కరిగించి, ఒకటిగా అతకడం" అని రాస్తారు. మార్కులు కూడా పడతాయి. వీధి మలుపులో వెల్డింగ్ షాపు ముందునుంచి వెళ్ళేటప్పుడు కళ్ళు జిగేల్మనిపించే ఆ వెలుగునూ, చిమ్మే నిప్పురవ్వలనూ చూసినవాళ్ళెవరైనా అలాగే రాస్తారు. కానీ ఆ జవాబు సగమే నిజమని నేనంటాను. ఆ సగాన్నే పూర్తి నిజంగా బట్టీపట్టడం వల్ల లోహాల గురించి తెలుసుకోవలసిన ఒక ముఖ్యమైన సంగతి మన చూపు దాటిపోతోంది.

మీ ఇంట్లో సెల్‌ఫోను ఉంటుంది కదా. దాని బ్యాటరీలో ధన ధ్రువం వైపు పలుచని అల్యూమినియం రేకూ, రుణ ధ్రువం వైపు పలుచని రాగి రేకూ ఉంటాయి. తల వెంట్రుక మందంలో నాలుగోవంతు కూడా ఉండని రేకులవి. ఇలాంటి బ్యాటరీలలో రేకుల పొరలను ఒకచోట చేర్చి, కరెంటు బయటికి వచ్చే లోహపు పట్టీకి అతకాలి. నిప్పుతో కరిగించబోతే రేకు అతకడం మాట దేవుడెరుగు, చిల్లులు పడి ఊరుకుంటుంది. అందుకని చాలా కర్మాగారాల్లో వాటిని కరిగించరు. ఒకదాని మీద ఒకటి పెట్టి, గట్టిగా నొక్కి, సెకనుకు 20,000 సార్లో అంతకంటే ఎక్కువసార్లో అటూ ఇటూ రుద్దుతారు. సెకను గడవకముందే అతుకు పడిపోతుంది. దీనినే అతిధ్వని వెల్డింగ్ అంటారు. 1950ల్లో అమెరికాలో ఈ పద్ధతి రూపుదిద్దుకుంది.

నిప్పురవ్వ లేదు, కరగడం లేదు. మరి ఆ రెండింటినీ కలిపిందేమిటి?

ఈ ప్రశ్నను తలకిందులు చేసి అడిగితే జవాబు తేలిగ్గా దొరుకుతుంది. రెండు లోహపు ముక్కలను పక్కపక్కన పెడితే అవి వాటంతటవే ఎందుకు అతుక్కోవు? నవ్వకండి, ఇది వెర్రి ప్రశ్న కాదు. లోహంలో పరమాణువులను పట్టి ఉంచేది వాటి మధ్య స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రానులే అని మీరు చదువుకున్నారు. ఒక రాగి ముక్క అంచున ఉన్న పరమాణువుకు, ఎదురుగా వచ్చి ఆనిన పరమాణువు తన ముక్కలోదా, పక్క ముక్కలోదా అని తెలిసే దారేదీ లేదు. రెండు ముఖాలూ నిజంగా శుభ్రంగా ఉండి, నిజంగా తాకితే, అవి ఒకే ముక్క కావాలి. భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ 1960ల్లో విద్యార్థులకు ఇచ్చిన ఉపన్యాసాలలో ఈ సంగతినే ఎత్తి చూపాడు.

అలా జరుగుతుందా అంటే, జరుగుతుంది. 1724లో డెసగూలియే అనే ఆయన లండన్ రాయల్ సొసైటీ ముందు ఒక ప్రదర్శన చేశాడు. రెండు సీసపు గుండ్లను తీసుకుని, ఒక్కొక్కదాని మీద కత్తితో చిన్న చెక్కు తీసి, ఆ తాజా ముఖాలను ఎదురెదురుగా పెట్టి చేత్తో నొక్కుతూ కొంచెం మెలితిప్పాడు. గుండ్లు అతుక్కుపోయాయి. వాటికి బరువులు వేలాడదీసినా వెంటనే ఊడిరాలేదు. ఇందులో రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి: చెక్కు తీయడం ఒకటి, మెలితిప్పడం రెండోది. ఈ రెండింటితో మనకు మళ్ళీ పనిపడుతుంది. (సీసం విషం. ఈ ప్రయోగాన్ని మీరు చదివి ఆనందించండి, చేయకండి.)

గాలి లేని అంతరిక్షంలో అయితే ఈ అతుకుడు ఒక్కోసారి కొంప ముంచుతుంది. 1989లో గురుగ్రహానికి బయలుదేరిన గెలీలియో నౌక 1991 ఏప్రిల్‌లో తన పెద్ద యాంటెన్నాను గొడుగులా విప్పుకోబోయింది. అది సగంలోనే బిగుసుకుపోయింది. భూమి మీద లారీలో ప్రయాణించినప్పుడు కుదుపులకు పిన్నుల మీది కందెన పూత అరిగిపోయిందనీ, లోహం లోహాన్ని తాకి పట్టేసిందనీ నిపుణులు అంచనా వేశారు. ఆ యాంటెన్నా చివరిదాకా విచ్చుకోలేదు. చిన్న యాంటెన్నాతోనే పని నడుపుకోవలసి వచ్చింది.

మరి మన వంటింట్లో ఒకదానిలో ఒకటి పెట్టిన గిన్నెలు ఎందుకు ఒకటైపోవు? కారణాలు రెండు. ఒకటి, కంటికి నున్నగా కనిపించే లోహం కూడా దగ్గరగా చూస్తే గుట్టలూ గోతులే. రెండు ముఖాలు ఆనినప్పుడు గుట్టల కొనలు మాత్రమే తాకుతాయి. రెండోది, అసలైనది, ఆక్సైడు పొర.

సత్తు గిన్నెను మేకుతో గీయండి. తళుక్కున మెరిసే గీత పడుతుంది. మీరు చూస్తున్నది స్వచ్ఛమైన అల్యూమినియం అనుకుంటారు. కాదు! కన్ను మూసి తెరిచేలోగానే గాలిలోని ఆక్సిజన్ ఆ గీతను కప్పేసింది. మీకు కనిపించేది ఆ పొరలోంచి కనిపించే లోహం. పొర మందం సుమారు 2 నుంచి 4 నానోమీటర్లు. మీ నోటుబుక్కులో ఒక కాగితం మందం కావాలంటే ఇలాంటి పొరలను దాదాపు 30,000 దొంతరగా పేర్చాలి. ఇంత పలుచనిదైనా ఇది సామాన్యమైనది కాదు. కెంపూ, నీలమూ ప్రధానంగా అల్యూమినియం ఆక్సైడే అంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. దాని మీది ఆక్సైడు కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. అంటే కొలిమిలో పెట్టి లోపలి లోహాన్ని నీరులా చేసినా, పైచర్మం గట్టిగానే ఉంటుంది. రెండు అల్యూమినియం చుక్కలు పక్కపక్కన ఉండి కూడా కలవకపోవచ్చు. కరిగితే అతుకుతుందన్న మాట ఇక్కడే వీగిపోయింది, గమనించారా?

మన చేతిపనివాళ్ళకు ఈ సంగతి ఎప్పటినుంచో తెలుసు. కంసాలి నగకు అతుకు వేసేటప్పుడు వెలిగారం రాస్తాడు. ఇత్తడి గిన్నెకు కళాయి పూసేవాడు నవాసారం చల్లి గుడ్డతో రుద్దుతాడు. ఇనుమును ఇనుముతో అతికే కమ్మరి, ఎర్రగా కాలిన ముక్కల మీద ఇసుకో వెలిగారమో చల్లుతాడు. పైన పేరుకున్న ఆక్సైడు దానితో కలిసి జిగురులా కరుగుతుంది, సమ్మెటపోటుకు పక్కలకు చిమ్ముకుపోతుంది. సుమారు 1,600 ఏళ్ళనాటి ఢిల్లీ ఇనుపస్తంభం కూడా పోత పోసినది కాదు. ఇనుప ముద్దలను కాల్చి, మోది, ఒకదానితో ఒకటి అతికి చేసినది. ఆ పనివాళ్ళెవరూ ఆక్సైడు అన్న మాట విని ఉండరు. కానీ అతకడమంటే ముందు మధ్యనున్న దానిని తొలగించడమని వాళ్ళ చేతులకు తెలుసు. ఈ విషయంలో మన పుస్తకాల నిర్వచనం కంటే వాళ్ళ చేతులే సరిగ్గా చెబుతున్నాయి.

ఇప్పుడు రెండు వేర్వేరు లోహాల సంగతికి వద్దాం. రాగి, అల్యూమినియం. రాగి కరెంటును బాగా ప్రవహింపజేస్తుంది, కానీ ఖరీదు, బరువు. అల్యూమినియం చౌక, తేలిక. అందుకే స్తంభాల మీది లైన్లు అల్యూమినియంవి, ఇంటిలోపలి వైరింగు సాధారణంగా రాగిది. ఎక్కడో ఒకచోట ఈ రెండూ కలవక తప్పదు. ఆ కలిసే చోటే గొడవంతా.

వీటిని కరిగించి కలిపితే? రాగి 1,085 డిగ్రీల దగ్గర కరుగుతుంది, అల్యూమినియం 660 దగ్గర. ఒకటి కరిగే వేళకు రెండోది ఎప్పుడో కారిపోతుంది. పైగా రెండూ ద్రవస్థితిలో కలిస్తే వాటి మధ్య పెళుసైన సంయోగ పదార్థాలు మందంగా ఏర్పడతాయి. అతుకు బిస్కట్టులా విరుగుతుంది.

పోనీ, రెండు తీగలనూ మెలివేసి టేపు చుట్టేస్తే? చాలామంది చేసేది ఇదే. నాకు దీని మీద గట్టి అభ్యంతరం ఉంది. మా ఇంటి వెనుక వీధిలో ఒక మోటారుకు ఇలాగే రాగి తీగను అల్యూమినియం తీగతో మెలేసి టేపు చుట్టారు. ఏడాది తిరగకముందే టేపు కాలి బొగ్గయింది. పనిచేసినవాడిని అనడానికి లేదు. అతనికి ఎవరూ చెప్పలేదు. తీగల మధ్య ఆక్సైడు పొర ఉంది. అది కరెంటును సాగనివ్వదు. పొర చిట్లిన ఏ కొద్దిచోట్లోనో మాత్రమే కరెంటు ఇరుకుగా దూరుతుంది, అక్కడ వేడి పుడుతుంది. వేడికి అల్యూమినియం రాగి కంటే ఎక్కువగా వ్యాకోచిస్తుంది, చల్లబడితే ఎక్కువగా సంకోచిస్తుంది. రోజూ ఇలా పెరిగి తరిగి అతుకు వదులవుతుంది. వదులైన సందులో గాలి చేరి కొత్త ఆక్సైడు పుడుతుంది. దానితో మరింత వేడి. తేమ తగిలితే రెండు లోహాల మధ్య చిన్న ఘటమే ఏర్పడి అల్యూమినియంను తినేస్తుంది. అమెరికాలో రాగి ధర పెరిగిన రోజుల్లో, సుమారు 1965 నుంచి 1973 వరకు, చాలా ఇళ్ళకు అల్యూమినియం తీగలతో వైరింగు చేశారు. 1972కు ముందు తయారైన అలాంటి తీగలున్న ఇళ్ళలో, అతుకులు నిప్పంటుకునేంతగా వేడెక్కే అవకాశం రాగి తీగల ఇళ్ళలో కంటే 55 రెట్లు ఎక్కువని అక్కడి వినియోగదారుల భద్రతా సంఘం తేల్చింది. నానోమీటర్ల మందపు పొరకు ఎంత బలముందో చూడండి!

ఇక ఆ అతిధ్వని యంత్రం ఈ పొరను ఏం చేస్తుందో చూద్దాం. పేరులో ధ్వని ఉంది కాబట్టి, శబ్దం గాలిలో ప్రయాణించి లోహాన్ని అతికిస్తుందని కొందరు పిల్లలు ఊహించుకుంటారు. ఆ పేరు నాకు అంత నచ్చదు. ఇది నిజానికి రుద్దుడు. గ్యాస్ లైటరు నొక్కితే లోపలి స్ఫటికం నలిగి విద్యుత్తు పుడుతుంది కదా, దానికి విలోమంగా ఇక్కడ స్ఫటికాలకు విద్యుత్తు ఇస్తే అవి కంపిస్తాయి. మొదటి ధర్మాన్ని క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టారు. ఆ కంపనాన్ని ఒక లోహపు కొమ్ము పెంచి కొనకు చేరుస్తుంది. కింద దాగలి లాంటి దిమ్మె కదలకుండా ఉంటుంది. రెండు రేకులూ మధ్యలో ఉంటాయి. కొమ్ము పైరేకును పట్టుకుని, కిందిరేకు మీద అడ్డంగా ఆడిస్తుంది.

ఎంత దూరం ఆడిస్తుంది? ఇటు 20 మైక్రోమీటర్లు, అటు 20 అనుకోండి. రెండూ కలిపినా వెంట్రుక మందంకంటే తక్కువే. ఇంత చిన్న కదలికతో ఏమవుతుందంటారా? లెక్క వేయండి. ఒక కంపనంలో కొన నడిచే దూరం 80 మైక్రోమీటర్లు. అర సెకనులో 10,000 కంపనాలు. మొత్తం 80 సెంటీమీటర్లు! గట్టిగా నొక్కిపెట్టి ముప్పాతిక మీటరుకు పైగా రుద్దినట్లు, అదీ ఉన్నచోటనే.

ఇక్కడ పొర పెళుసుదనమే మనకు కలిసివస్తుంది. మెత్తని పిండిముద్ద మీద కాల్చిన అప్పడం ఉందనుకోండి. దాన్ని అరచేత్తో నొక్కి అటూ ఇటూ జరిపితే ఏమవుతుంది? అప్పడం ముక్కలవుతుంది. ముక్కల సందుల్లోంచి పిండి పైకి పొడుచుకొస్తుంది. ఎదురుగా మరో పిండిముద్ద ఇలాగే ఉంటే, రెండు వైపులనుంచీ పొడుచుకొచ్చిన పిండి కలిసిపోతుంది. అల్యూమినియం పిండి, ఆక్సైడు అప్పడం. గుట్టల కొనలు నలిగి చదునవుతాయి, పొర పగులుతుంది, పగుళ్ళలోంచి గాలి తగలని తాజా లోహం బయటపడి ఎదుటి లోహాన్ని తాకుతుంది. మొదట చుక్కలు చుక్కలుగా పడిన అతుకులు క్షణంలో పెరిగి కలిసిపోతాయి. రాపిడికి వేడి పుడుతుంది నిజమే, లోహం కొంత మెత్తబడుతుంది కూడా. కానీ సరిగ్గా నడిపిన యంత్రంలో అది కరగడానికి చాలా దిగువనే ఆగుతుంది. అందుచేత పెళుసు పదార్థాలు పెరగడానికి వ్యవధి ఉండదు. డెసగూలియే మెలితిప్పడం గుర్తుందా? యంత్రం అదే పని సెకనుకు వేలసార్లు చేస్తోంది.

అయితే అన్ని పొరలూ ఒకేలా పగలవు. గట్టి పొర మెత్తని లోహం మీద ఉంటే తేలిగ్గా పగులుతుంది. అల్యూమినియం అలాంటిది. రాగికీ, రాగి ఆక్సైడుకూ కాఠిన్యంలో అంత తేడా లేదు. అందుకని ఆ పొర పగలడానికి అంత తేలిగ్గా ఒప్పుకోదు, లోహంతోపాటు కొంత సాగుతుంది. బంగారానికైతే పొరే లేదు, అందుకే చిప్‌లలో వెంట్రుకకంటే సన్నని బంగారు తీగలను కొద్దిపాటి వేడితో, కంపనంతో ఇట్టే అతకగలుగుతున్నారు. వేర్వేరు లోహాలను కలిపేటప్పుడు ఒకవైపు పొర ఊడితే చాలదు, రెండువైపులా ఊడాలి. చిక్కంతా అక్కడే.

అతిధ్వని వెల్డింగ్‌కు ముందుగా శుభ్రం చేయనక్కర్లేదు, యంత్రమే చూసుకుంటుంది అని కొందరు గొప్పగా చెబుతారు. నేను ఒప్పుకోను. పలుచని సహజమైన పొర వరకూ ఆ మాట నిజం. తేమలో చాలాకాలం నిల్వ ఉండి రంగు మారిన రాగిని తెచ్చిపెడితే, శక్తిలో ఒక భాగం పొరను చీల్చడానికే ఖర్చవుతుంది. ఒక రేకు కొత్తది, మరొకటి పాతది అయితే ఒకే అమరికతో ఒకటి గట్టిగా, మరొకటి డొల్లగా అతుకుతాయి. పోనీ శక్తి పెంచుదామంటే పలుచని రేకు చిరుగుతుంది. కావాలని విద్యుత్తుతో ఆక్సైడును మందంగా పెంచిన అల్యూమినియం ఉంటుంది. దాని పొర మైక్రోమీటర్లలో ఉంటుంది, అంటే సహజమైన దానికంటే వేలరెట్లు. దాన్ని ముందుగా గీకక తప్పదు. పగిలిన ముక్కలు కూడా ఎక్కడికీ మాయం కావు. కొన్ని అంచులకు నెట్టుకుపోతాయి, కొన్ని అతుకులోనే నలుసుల్లా ఉండిపోతాయి. అవి చెదిరి ఉంటే ఫరవాలేదు, గుంపుగా ఉంటే అక్కడ అతుకు లేనట్టే.

ఒక్క అతుకు డొల్లదైతే ఏమవుతుందని అనిపిస్తోందా? విద్యుత్తు కారులో బ్యాటరీ గదులను కలిపే అతుకులు పెద్దసంఖ్యలో ఉంటాయి. 2010 చివర అమ్మకానికి వచ్చిన షెవ్రొలే వోల్ట్ కారు బ్యాటరీలో ఇవి అతిధ్వనితో అతికినవే. ఒక అతుకులోంచి 100 ఆంపియర్లు పోతున్నాయనుకోండి. నిరోధం ఓములో పదివేలవంతు ఉంటే అక్కడ పుట్టే వేడి 1 వాట్. ఓములో వెయ్యోవంతు అయితే 10 వాట్లు. మీరు నేర్చుకున్న సూత్రమే, వేసి చూసుకోండి. గాలి ఆడని పెట్టెలో, నిప్పంటుకునే ద్రవం పక్కన, 10 వాట్లు ఒకే బిందువు దగ్గర!

ఇంతా చెప్పి ఆక్సైడు పొరను దుష్టుడిని చేయడం నా ఉద్దేశం కాదు. ఆ పొర లేకపోతే మీ ఇంట్లో సత్తు గిన్నె ఉండదు. అల్యూమినియం నిజానికి ఇనుముకంటే చురుకైన లోహం. చీలిన పొర మీద పాదరసం పడితే, అది మళ్ళీ గట్టిగా పట్టుకోలేక అల్యూమినియం తెల్లని బూడిదలా పొంగి రాలిపోతుంది. విమానాల్లోకి పాదరసాన్ని మామూలుగా రానివ్వకపోవడానికి ఇదొక కారణం. "అల్యూమినియం తుప్పు పట్టదు" అని మనం రాసే వాక్యం మీద నా ఫిర్యాదు ఇదే. అది పట్టకపోవడం కాదు, కన్ను మూసి తెరిచేలోగా పట్టి ఆగిపోవడం. లోహక్షయం పాఠంలో ఆక్సైడు ఒక శత్రువు, వెల్డింగ్ ప్రస్తావనలో దాని ఊసే లేదు. ఈ రెండు పాఠాలనూ పక్కపక్కన పెట్టి చెప్పాలని నా వాదన. వెల్డింగ్ అంటే "మధ్యనున్న పొరలను తొలగించి, లోహపు పరమాణువులను ఒకదానికొకటి తాకించడం, వేడి అందుకు ఒక మార్గం" అని రాయండి. మార్కు తగ్గిస్తే మీ మాస్టారితో వాదించండి, మర్యాదగానే సుమా!

వాదనకు సాక్ష్యం కావాలంటే చేతిలో ఉంచుకోండి. అల్యూమినియం తలుపులు, కిటికీలు చేసే షాపులో రంగు వేయని వెండిరంగు ముక్క ఒకటి అడిగితే ఇస్తారు. వాటికి సాధారణంగా మందమైన ఆక్సైడు పొర పట్టించి ఉంటుంది. రెండు టార్చి సెల్లులు, ఒక టార్చి బల్బు, మూడు తీగలు తీసుకోండి. ఇంటి కరెంటు జోలికి పోవద్దు. వలయంలో ఒకచోట ఖాళీ వదిలి, ఆ రెండు తీగకొనలనూ ముక్క ముఖం మీద మెల్లగా ఆనించండి. బల్బు వెలగదు. ఇప్పుడు రెండుచోట్ల గరుకు కాగితంతో గట్టిగా రుద్ది, ఆ మచ్చల మీద ఆనించండి. తరువాత సత్తు మూత మీదా, రాగి చెంబు మీదా, కిలుము పట్టిన పాత రాగి నాణెం మీదా ఇలాగే చేసి, ఏది రుద్దకముందే వెలిగిందో, ఏది రుద్దాక వెలిగిందో నోటుబుక్కులో పట్టిక వేసుకోండి.